ద్రవీభవన స్థానముచే శుద్ధతా నిర్ణయము

ద్రవీభవన స్థానముచే శుద్ధతా నిర్ణయమనగా ఘనరూపమున నుండు కర్బన సమ్మేళనము కరగు ఉష్ణోగ్రతను కొలిచి, దాని శుద్ధతను తెలిసికొను ప్రయోగశాలా విధానము. ఫ్రెంచి రసాయనజ్ఞుడు మిషెల్ యూజీన్ షెవ్రూల్ కొవ్వు ఆమ్లములను పరిశోధించుచు ద్రవీభవన స్థానమును వాని శుద్ధతకు ప్రమాణముగా గ్రహించెను. ఆ పరిశోధనల గ్రంథము 1823లో వెలువడెను.

శుద్ధపదార్థము సాధారణముగా 1 డిగ్రీ సెంటీగ్రేడునకు మించని అవధిలో కరగును. మాలిన్యము ద్రవములో లీనమై, ఘనద్రవములు సమతాస్థితిలో నుండు ఉష్ణోగ్రతను తగ్గించుటచే, మలినపదార్థము అంతకు దిగువనే మెత్తబడి, విశాలమైన అవధిలో కరగును.

ఎండబెట్టి మెత్తగా నూరిన చూర్ణమును, ఒక కొన మూసియున్న, సుమారు 1 మిల్లీమీటరు లోవ్యాసముగల గాజు కేశనాళికలో 2–3 మిల్లీమీటర్ల యెత్తున కూరి, ఉష్ణమాపకపు బుడ్డికి ఆనించి, ద్రవ పారఫిన్ తాపకములో వేడిచేయుదురు. ద్రవీభవనము సమీపించినపుడు ఉష్ణోగ్రత నిమిషమునకు 1–2 డిగ్రీలకు మించి పెరుగరాదు. తొలి ద్రవబిందువు కనబడినపుడును, తుది స్ఫటికము అదృశ్యమైనపుడును గల ఉష్ణోగ్రతలు రెండును నమోదు చేయబడును.

యూరియా, సిన్నమిక్ ఆమ్లము విడివిడిగా సుమారు 133 డిగ్రీలవద్ద కరగునవైనను, వాని మిశ్రమము మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రతవద్దనే కరగనారంభించును. ఒకే సమ్మేళనపు శుద్ధమైన నమూనాలు రెండింటిని కలిపినచో అట్టి తగ్గుదల యుండదు. రెండు నమూనాలు ఒకే సమ్మేళనమగునో కాదో తెలుపు మిశ్రమ ద్రవీభవన పరీక్షకు ఆధారమిదియే.

కనిష్ఠ ఉష్ణోగ్రతవద్ద కరగు నిష్పత్తిలో నుండు మిశ్రమము (యూటెక్టిక్ మిశ్రమము) సైతము నిశ్చితమైన ఉష్ణోగ్రతవద్ద కరగుటచేతను, కొన్ని సమ్మేళనములు కరగుచునే వియోగము చెందుటచేతను, శుద్ధతా నిర్ణయమునకు ద్రవీభవన స్థానమును ఒక్కసారి కొలుచుట మాత్రమే చాలదు. పునఃస్ఫటికీకరణము పిమ్మట ద్రవీభవన స్థానము మారకుండుట శుద్ధతకు బలమైన నిదర్శనముగా పరిగణింపబడును.