తెరమీది గెలుపు, మైదానములోని ఓటమి

పుదుచ్చేరి నగరమున సముద్రతీరము ననుసరించి, పెద్ద కాలువకు తూర్పుగా నున్న పేటకు ‘వైట్ టౌన్’ అని పేరు. ఫ్రెంచివారి కాలమున తెల్లవారు నివసించిన భాగ మగుటచే దానికా పేరు కలిగినది. డూప్లే దొరకు దుబాసియైన ఆనందరంగపిళ్ళ పేర కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అను లక్షణగ్రంథమును రచించిన నాటినుండియు ఈ నగరమునకు తెలుగుతో చుట్టరికము కలదు. గోదావరీ తీరమునందలి యానాము నేటికిని ఈ కేంద్రపాలిత ప్రాంతములో భాగమే. ఉద్యోగరీత్యా బదిలీపై వచ్చి ఈ పేటలోని కార్యాలయములలో పనిచేయుచున్న మావంటి తెలుగువారు కొందరు సాయంకాలమున సముద్రపు గట్టున చేరి మాటలాడుకొనుట పరిపాటి. ఆ మాటలలో జీతభత్యముల ప్రసంగము ముగిసిన పిదప మిగులునవి రెండే: సినిమాలు, ఆటలు. ఆటలనగా పదిమందిలో తొమ్మండుగురకు క్రికెట్టే. హాకీ పేరెత్తువాడను నే నొక్కడనే యగుటచే, ఆ క్రీడ పొందిన ఓటములను గూర్చియు, వానిని మన చలనచిత్రములు చూపిన తీరును గూర్చియు ఒక అభిమానిగా నాకు తోచినంత ఇచట విన్నవింప దలచితిని.

ముందుగా వైభవకాలమును స్మరింపవలెను. 1928లో ఆమ్‌స్టర్‌డాము మొదలు 1956లో మెల్బోర్ను వరకు జరిగిన ఆరు ఒలింపిక్సులలోను హాకీ స్వర్ణపతకము భారతదేశమునకే దక్కినది. అందు 1936 నాటి బెర్లిను విజయము వైట్ టౌన్‌లో కూర్చుండి తలచుకొనువారికి ఒక వింత రుచి నిచ్చును. ఆ యేడు ఆగస్టు 12వ తేదీన సెమీఫైనలులో ధ్యాన్‌చంద్ జట్టు ఓడించినది మరెవరినో కాదు, ఫ్రాన్సును. అదియు 10-0 గోలులతో. అప్పటికి ఈ వీధులలో ఫ్రెంచి జెండా యెగురుచుండెను. మూడు దినముల పిదప, ఆగస్టు 15న, జర్మనీపై 8-1తో ఫైనలు ముగిసినది. మరి పదునొకండేండ్లకు ఆ తేదీయే దేశమునకు స్వాతంత్ర్యదిన మగునని నాడెవరును ఎరుగరు.

ఆ విజయపు నీడలోనే ఒక మనోవ్యథయు దాగియున్నది. మద్రాసుకు చెందిన ఎం. జె. గోపాలన్ క్రికెట్టు, హాకీ రెండింటను దేశమునకు ఆడిన దిట్ట. 1934లో రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి బంతిని విసరినవాడాయనయే. 1935లో ధ్యాన్‌చంద్‌తో కలిసి న్యూజిలాండులో హాకీ ఆడి వచ్చెను. 1936లో హాకీ జట్టు బెర్లినుకును, క్రికెట్టు జట్టు ఇంగ్లండుకును ఒకే వేసవిలో బయలుదేరవలసి రాగా, ఆయన క్రికెట్టును వరించెను. ఆ క్రికెట్టు జట్టునకు నాయకుడు మన విజయనగర రాజవంశీకుడైన ‘విజ్జీ’. ఆ పర్యటనలో గోపాలన్‌కు ఒక్క టెస్టు పందెమునందైనను ఆడు అవకాశము లభింపలేదు. హాకీ జట్టు స్వర్ణముతో తిరిగివచ్చినది. ఇంతకంటె విధి వక్రించుట యెట్లుండును? అయినను ఈ కథను ఏ నిర్మాతయు తెరకెక్కించినట్లు నాకు కనబడలేదు. చివర గెలుపు లేని కథకు టిక్కెట్లు తెగవని వారి భయము కాబోలును.

1960లో రోము నగరమున పాకిస్తాను 1-0తో మన వరుస విజయములకు స్వస్తి చెప్పినది. 1964లో టోకియోలో అదే 1-0తో బదులు తీర్చుకొంటిమి. 1975లో కౌలాలంపూరున ప్రపంచకప్పు గెలిచితిమి. అప్పటినుండి పురుషుల ప్రపంచకప్పు మరల మన చేతికి రాలేదు. 1976లో మాంట్రియలున ఏడవ స్థానమునకు దిగజారి, 1980లో మాస్కోలో, పలు దేశములు రాని పోటీలో, ఎనిమిదవ స్వర్ణమును పొందితిమి. అచటినుండి నా స్వంత జ్ఞాపకములు ఆరంభమగును.

1982 డిసెంబరు 1వ తేదీన ఢిల్లీ ఏషియాడ్ ఫైనలు. నా కప్పుడు పదేండ్లు. మా యింట రేడియో చుట్టు పెద్దలు, పిన్నలు చేరి హిందీ వ్యాఖ్యానమును సగము గ్రహించుచు, సగము ఊహించుకొనుచు వినుచుంటిమి. మొదటి గోలు మనదే. తరువాత పాకిస్తాను వరుసగా ఏడు గోలులు చేసినది. వ్యాఖ్యాత గొంతు క్రమక్రమముగా తగ్గిపోవుటయే నాకు స్పష్టముగా గుర్తున్నది. మా మేనమామ రేడియో కట్టివేసి, ‘‘గోలీ అమ్ముడుపోయినాడురా’’ అనెను. ఆ మాట కాయన యెద్ద ఆధార మేమియు లేదు. ఆ దినమున దేశమున ఎన్నియో యిండ్లలో అదే మాట వినబడినది. గోల్‌కీపరు మీర్ రంజన్ నేగీ ఆ యపవాదును భరింపలేక కొన్నేండ్లు ఆటకే దూరమాయెను. ఏడు గోలులలో రక్షకుల లోప మెంత, ఎదుటివారి ప్రతిభ యెంత అని లెక్కించు ఓపిక ఎవరికిని లేకపోయినది. ఓటమికి కారణ మడుగుటకు బదులు దోషిని వెదకుట మన అభిమానములోని పెద్ద జాడ్యము.

2000 సంవత్సరమున సిడ్నీలో మరొక దెబ్బ. పోలండుపై గెలిచినచో సెమీఫైనలు. ఒక గోలు ఆధిక్యముతో నుండి, ఆట ముగియవచ్చిన వేళ పోలండు వారికి గోలు సమర్పించి 1-1తో బయటపడితిమి. మూడు ఒలింపిక్సులలో ఆడిన మన హైదరాబాదు క్రీడాకారుడు ఎన్. ముకేశ్ కుమార్‌కు అదియే కడపటి ఒలింపిక్సు. 1995లో అర్జున పురస్కారమును, 2003లో పద్మశ్రీని పొందిన ఆ తెలుగువాని పేరు నేడు మన యువకులలో ఎందరికి తెలియును?

ఇక సినిమా. 2007 ఆగస్టు 10న ‘చక్ దే ఇండియా’ విడుదలయ్యెను. పాకిస్తానుపై పెనాల్టీ తప్పి దేశద్రోహి యనిపించుకొన్న క్రీడాకారుడు ఏడేండ్ల తరువాత మహిళా జట్టునకు శిక్షకుడై ప్రపంచకప్పు గెలిపించుట దాని కథ. ఇది నేగీ జీవితచరిత్ర కాదనియు, 2002 మాంచెస్టరు కామన్వెల్తు క్రీడలలో మన మహిళలు స్వర్ణము గెలిచిన వార్తయే ప్రేరణ యనియు రచయిత జైదీప్ సాహ్నీ చెప్పియున్నారు. అయినను ఆ చిత్రములోని బాలికలకు హాకీ నేర్పినవాడు నేగీయే. ఆయన 1998లో భారతజట్టునకు గోల్‌కీపర్ల శిక్షకుడై, 32 ఏండ్ల తరువాత ఏషియాడ్ స్వర్ణము గెలుచుటలో పాలుపంచుకొనెను. తెరపై కథానాయకుని యింటిగోడపై ద్రోహి యని వ్రాసిన ఘట్టము చూచునప్పుడు, నాకు మా మేనమామ రేడియో కట్టిన చప్పుడు వినబడినది. హాలులో అందరును కన్నీరు పెట్టుకొనిరి. వారిలో 1982లో అదే మాట యన్నవారును ఉండియుందురు గదా యని తోచినది.

ఆ చిత్రమున ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన నేత్రా రెడ్డి యను పాత్ర కలదు. పేరు నమోదు చేయు ఉద్యోగి ఆమెను తమిళురా లనుకొని, తమిళమునకును తెలుగునకును భేదమేమని యడుగును. పంజాబీకిని బీహారీకిని ఉన్నంత భేదమని ఆమె తడుముకొనకుండ బదులిచ్చును. హాలులో ఆ సమాధానమునకు బిగ్గరగా నవ్వినది మా తెలుగు బృందమే. ఉత్తరాది కార్యాలయములలో ‘మదరాసీ’ యని పిలిపించుకొనిన వారికి గాని ఆ నవ్వులోని తృప్తి తెలియదు. నేత్రా రెడ్డి కల్పిత. కాని తెలుగునేలనుండి నిజముగనే భారతజట్టునకు ఎదిగిన బాలిక కలదు. చిత్తూరు జిల్లాకు చెందిన గోల్‌కీపరు ఇ. రజని 2022లో బర్మింగ్‌హాము కామన్వెల్తు క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులో సభ్యురాలు.

ఆ చిత్రము విడుదలైన నెలకు, 2007 సెప్టెంబరు 9న, చెన్నపట్టణమున ఆసియాకప్పు ఫైనలు జరిగినది. పుదుచ్చేరినుండి 150 కిలోమీటర్లే గదా యని మిత్రు నొకనిని బలవంతముగా బస్సెక్కించుకొని పోయితిని. దక్షిణకొరియాపై 7-2. మైదానమంతయు చిత్రములోని పాటయే మారుమ్రోగినది. తిరుగుప్రయాణమున నా మిత్రుడు, ‘‘ఇక హాకీకి మంచిరోజులు వచ్చినట్లే నండీ’’ అనెను. ఆరునెలలు గడిచినవి. 2008 మార్చి 9న చిలీ దేశపు సాంటియాగోలో బ్రిటను చేతిలో 0-2తో ఓడి, 1928 తరువాత మొట్టమొదటిసారిగా మన హాకీ జట్టు ఒలింపిక్సుకు పోలేకపోయినది. మరునాటి ఉదయము పత్రిక చేతబట్టి సముద్రపుగట్టున ఒంటరిగా కూర్చుంటిని. పాట జట్టును గెలిపింపజాలదు. ఆటస్థలములు, శిక్షకులు, క్రమమైన పోటీలు, నిజాయితీగల నిర్వహణ మాత్రమే గెలిపింపగలవు. ఈ సంగతి మూడు గంటల చిత్రములో ఇముడునది కాదు.

2018 ఆగస్టు 15న వచ్చిన ‘గోల్డ్’ చిత్రము మరొక పాఠము నేర్పినది. స్వతంత్ర భారతము 1948లో లండనులో బ్రిటనును ఓడించిన కథ యది. తెరమీద ఆ ఆట కడపటి క్షణము వరకు ఊగిసలాడును. చరిత్రలో మనవారు 4-0తో సునాయాసముగా గెలిచిరి; అందు రెండు గోలులు బల్బీర్ సింగువి. ఓటమి యంచును చూపనిదే గెలుపు రుచింపదని సినిమావారి సిద్ధాంతము. నా కది తప్పని తోచదు గాని, దేశవిభజనలో సహచరులను కోల్పోయి, చీలిన జట్టుతో పోయి, రెండువందల యేండ్లు మనల నేలిన వారిని వారి రాజధానిలోనే ఓడించిన ఆ యువకుల కథకు అదనపు ఉత్కంఠ అవసరమా యని మాత్రము అనిపించినది.

మన తెలుగులో హాకీ చిత్రము 2021 మార్చి 5న వచ్చిన ‘ఏ1 ఎక్స్‌ప్రెస్’. సందీప్ కిషన్ కథానాయకుడు. 2019లో వచ్చిన ‘నట్పే తుణై’ అను తమిళచిత్రమునకు అది అనుసరణ. తమిళకథ పుదుచ్చేరి, కారైకాలు ప్రాంతములలో నడువగా, తెలుగువారు దానిని యానామునకు మార్చిరి. అనగా కథ భాష మారినను ఈ కేంద్రపాలిత ప్రాంతపు టెల్లలు దాటలేదన్నమాట! మా సహోద్యోగులలో యానాము వారు దీనిని గొప్పగా చెప్పుకొనిరి. ఒక ఆటస్థలమును కాజేయ జూచు పెద్దలును, దానిని నిలుపుకొనుటకై కర్రలు పట్టు పిల్లలును అందలి విషయము. పాటలు, పోరాటములు మామూలే. అయినను ఆ చిత్రము నన్ను కదల్చినది. ఏలయన పతకమును గాక మైదానమును పణముగా పెట్టిన కథ యది. పతకము పోయినచో నాలుగేండ్లకు మరల రావచ్చును. మైదానము పోయినచో ఆట యను మాటయే ఆ యూరిలో మిగులదు.

ఆ యేడే ఆగస్టు 5న టోకియోలో జర్మనీని 5-4తో ఓడించి పురుషుల జట్టు 41 ఏండ్ల తరువాత ఒలింపిక్ పతకము తెచ్చినది. మహిళలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి సెమీఫైనలు చేరగా, ‘చక్ దే’ నాయకుడు షారుఖ్ ఖాన్ మాజీ శిక్షకుని హోదాలో శుభాకాంక్షలు పంపెను. అసలు శిక్షకుడైన షోర్డ్ మరైన్ చమత్కారముగా బదులిచ్చెను. దేశమంతయు నవ్వుకొనినది. తరువాత ఆర్జెంటీనా చేతిలో 1-2తో ఓటమి. అదే ఒలింపిక్సులో దక్షిణాఫ్రికాపై మూడు గోలులు చేసి చరిత్ర కెక్కిన వందనా కటారియా యింటి ముందు టపాకాయలు కాల్చి, కులము పేర ఆమె కుటుంబమును దూషించిరను ఫిర్యాదుపై హరిద్వారమున పోలీసులు కేసు పెట్టవలసి వచ్చినది. 1982కును 2021కిని నడుమ నలుబదేండ్లు గడిచినవి. ‘చక్ దే’ వచ్చి పదునాలుగేండ్లు. తెరపై ద్రోహి యను నింద చూచి ఏడ్చిన దేశముననే ఇది జరిగెను. బ్రిటనుతో కాంస్యపు పోటీలో 0-2 నుండి 3-2కు ఎగబ్రాకి, చివరకు 3-4తో ఓడి మైదానమున కూలబడి విలపించిన ఆ బాలికలను చూచినపుడు నాకు కలిగిన దుఃఖము, ఈ వార్త చదివినపుడు కలిగిన సిగ్గు ముందు చిన్నబోయినది.

ఆ సంవత్సరమే నవంబరు 24న భువనేశ్వరమున జూనియరు ప్రపంచకప్పులో ఫ్రాన్సు మనలను 5-4తో ఓడించినది. డిసెంబరు 5న కాంస్యపు పోటీలో మరల 3-1తో. మా వీధిలో ఫ్రెంచి పింఛను పుచ్చుకొను ఒక వృద్ధ సైనికుడు కలడు. ఆయన నన్ను పిలిచి, ‘‘తంబీ, బెర్లిను బాకీ ఎనుబదియైదేండ్లకు తీర్చుకొంటిమి’’ అని నవ్వెను. ‘‘ఇంకను గోలులు బాకీ యున్నారు లెండి, తాతగారూ’’ అంటిని. ఇరువురము కాఫీ త్రాగితిమి. ఓటమిని గూర్చి నేను విన్న మాటలలో నిందలేని మాట అదొక్కటే. ఆయన 10-0ను మరువలేదు, దానివలన ఎవరిని ద్వేషింపను లేదు. 2024 ఆగస్టు 8న ఆయన దేశమైన ఫ్రాన్సులోనే, పారిసు చెంతనున్న కొలంబు మైదానమున, స్పెయినుపై 2-1తో మనకు వరుసగా రెండవ కాంస్యము లభించినపుడు నన్ను మొదట అభినందించిన వాడును ఆయనయే.

చలనచిత్రము గెలుపు వద్ద ముగియును. అది దాని ధర్మము. హాకీ చరిత్ర అట్లు ముగియదు. గెలిచిన మరునాడు మరొక పోటీ, ఓడిన మరునాడు మరొక సాధన. అభిమానియైన వాడు తెరవద్ద నేర్చిన కన్నీటిని మైదానమువద్ద ఓడినవారికై కొంత మిగుల్చుకొనవలెను. మన సంఘసభ్యుల పిల్లలలో ఎవరైన హాకీకర్ర అడిగినచో, పాఠకమహాశయులు దానిని కొని యిచ్చుటతో బాటు, ఓడి యింటికి వచ్చిన నాడు ఏమని పలుకరింపవలెనో కూడ ముందుగా ఆలోచించి యుంచుకొందురుగాక.