టీకాల కొప్పినవారు, ఒప్పనివారు

మశూచికము అను పేరు వైద్యగ్రంథములలోనిది. మన పల్లెలలో దానిని 'అమ్మవారు పోసినది' అనియే చెప్పుకొనిరి. గుమ్మమునకు వేపరొట్ట కట్టుట, పరుల రాకను మాన్పుట, పోలేరమ్మకు చలిమిడి నివేదించుట, రోగి తేరుకొనిన పిదప వేపాకు పసుపు కలిపిన నీళ్లు పోయుట మీ ఇండ్లలోని పెద్దలు చెప్పగా వినియే యుందురు. ఇందు భక్తియే గాక వివేకమును గలదు. గుమ్మమున వేపరొట్ట చూచినవాడు లోపలికి పోడు గదా!

కంటి కగపడని వైరస్ వలన కలుగు నీ రోగము సోకినవారిలో నూటికి ముప్పదిమంది వరకు మరణించెడివారు. బ్రతికిన వారిలో కొందరు కన్నులు గోల్పోయిరి. ఒకమారు వచ్చి పోయినవారికి మరల రాకుండుట యొక్కటియే దీనియందలి మేలు. ఆ మేలును గ్రహించియే వంగదేశమున టీకాదారు లను వృత్తివారు బయలుదేరిరి. రోగి పొక్కులనుండి తీసిన రసిని ఆరోగ్యవంతుని చేతిపై గీరి, రోగమును స్వల్పముగా దెప్పించెడివారు. హాల్వెల్ అను ఆంగ్లేయుడు 1767లో ఈ పద్ధతిని వర్ణించి వ్రాసెను. పథ్యము, పూజ, దక్షిణ అన్నియు నందు గలవు. కొందరు చనిపోవుటయు, రోగము ఇరుగుపొరుగులకు అంటుటయు గలదు. అయినను జనులు రొక్కమిచ్చి చేయించుకొనిరి. కావున మనవారికి చేయి గీరించుకొనుటయే గిట్టదనుట సరికాదు.

1796 మే 14వ తేదీన ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు గోమశూచికపు రసితో ఒక బాలునకు టీకా వేసెను. ఇది ప్రాణమునకు అంతగా ముప్పు తేదు. ఇతరులకు మశూచికము నంటింపదు. కాని ఆ రసి సముద్రప్రయాణమున చెడిపోవుచుండెను. తుదకు బాగ్దాదు, బస్రాల మీదుగా, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి ఎక్కించుచు బొంబాయికి జేర్చిరి. అచట 1802 జూను 14న మూడేండ్ల బాలిక అన్నా డస్ట్‌హాలునకు వేసినదే మనదేశమున మొదటి టీకా. ఆమె చేతి పొక్కునుండి మరికొందరు పిల్లలకు, వారినుండి ఇంకను కొందరకు, అట్లు హైదరాబాదునకును చెన్నపట్టణమునకును అది వ్యాపించెను.

ఈ గొలుసును గూర్చి కొంచె మాలోచింపుడు. వారము నాటికి బిడ్డ చేతి పొక్కు రసితో నిండును. అప్పుడు టీకాలవాడు మరల వచ్చి, ఆ నొప్పిచేతినే గ్రుచ్చి, రసి తీసి వేరొక యింటి బిడ్డకు పెట్టును. ఏ తల్లి సంతోషించును? ఏ కులపు బిడ్డ రసి ఏ కులపు బిడ్డ మేనిలో చేరుచున్నదో యను శంక యొకటి. ఒకరి రోగము వేరొకరికి వచ్చునేమో యను భయము మరియొకటి. ఆ రెండవది వట్టి భయము కాదు; ఐరోపాలో సవాయి రోగ మట్లే అంటిన సందర్భములు గలవు. దొరలు మాత్రము దీనికంతకును మౌఢ్యమని పేరు పెట్టిరి. దూడలనుండి రసి తీయు పద్ధతి వచ్చినపిదప ఆ శంకలకు మూలమే తొలగెను. చెన్నపట్టణము చెంత గిండీలో 1899లో కింగు సంస్థ ఏర్పడినది ఆ రసి తయారునకే.

ఆవునుండి వచ్చినది గనుక హిందువులు శిరసావహింతురని కుంపిణీవారు తలంచిరి. తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో నిరూపించిన పండితుడు ఎల్లిస్ దొర, ధన్వంతరియే ఈ టీకాను బోధించినట్లు ఒక కథను కల్పించెను. ఉద్దేశము మంచిదే, కాని కల్లతో నమ్మకము నిలుచునా? మైసూరు రాణుల మార్గము వేరు. వారు తమ యింటనే టీకాలను ఆదరించిరి. 1805 ప్రాంతమున హికీ వ్రాసిన పటములో ఒక రాణి చూపుచున్నది టీకా వేసిన చేయియే యని కొందరు పరిశోధకుల యభిప్రాయము.

నిరాకరణము మన పల్లెలకే పరిమితము కాదు. 1853లో ఇంగ్లండు ప్రభుత్వము బిడ్డలకు టీకా నిర్బంధము చేసెను. తరువాత జరిమానాలు, చెరసాలయు వచ్చెను. 1885లో లెస్టరు పట్టణమున వేలకొలది జనులు ఊరేగి ఆ శాసనమును నిరసించిరి. తుదకు 1898లో, మనస్సు ఒప్పనివారిని మినహాయింపవలసి వచ్చెను. మన గాంధీమహాత్ముడును టీకాలకు విరోధియే.

ప్లేగు వచ్చినప్పు డింకొక పాఠము. 1897లో అంటురోగముల శాసనము చేసి, పూనాలో సోల్జర్ల నిండ్లలోనికి పంపి సోదాలు చేయించిరి. జూను 22వ తేదీన అచటి ప్లేగు అధికారి ర్యాండును కాల్చిరి. ఆ యేడే బొంబాయిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొట్టమొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. ఇట్టివానికిని కష్టము తప్పలేదు. 1902లో పంజాబునందలి మల్కోవాలు గ్రామమున ఒక్క సీసాలోని మందు చెడి, టీకా పొందినవారిలో 19 మంది ధనుర్వాతముతో చనిపోయిరి. నింద హాఫ్‌కిన్‌పై బడెను. అతడు నిర్దోషియని తేలుటకు 1907 వరకు పట్టెను. ఆ గ్రామస్థులు సూదిని జూచి భయపడినచో ఎవరు తప్పుపట్టగలరు?

1967 నుండి ప్రపంచారోగ్యసంస్థ ప్రయత్నము తీవ్రమయ్యెను. ఇంటింటికి పటము చూపి, రోగి జాడ చెప్పినవారికి బహుమాన మిచ్చి వెదకిరి. కొన్నిచోట్ల బలవంతమును జరిగెను; దానిని మరుగుపరుపరాదు. 1975 తరువాత మనదేశమున మశూచికము లేదు. 1980 మే నెలలో లోకమునుండియే తొలగెనని ప్రకటించిరి.

ఆ 1897 నాటి శాసనమే 2020లో కరోనాకై మరల ప్రయోగింపబడెను. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యెను. అందొకటి హైదరాబాదులోనే తయారైనది. తొలుత సందేహించినవారు పెక్కురు. ఏప్రిల్, మే నెలలలో రోగము విజృంభింపగనే కేంద్రముల యెదుట బారులు దీరిరి, మందు చాలలేదు. ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్టణమున ఒక నాటువైద్యుని మందునకు వేలకొలది జనులు మూగిరి. అతడు వారి ప్రాంతమువాడు, వారి మాట యెరిగినవాడు, రొక్క మడుగలేదు. ఆ యేటి నవంబరులో టీకాలతో ఇంటింటికి తిరిగిన ఆశా కార్యకర్తలును ఆ యూళ్ల యాడుబిడ్డలే. టీకా మొదట దొరకినవారిలో వారును ఉండిరి.