మడిగెకు అందని మినహాయింపు

కరీంనగర్ టవర్ సర్కిల్ సందుల్లో, ఆదిలాబాద్ గాంధీచౌక్ దిక్కు పాత ఇళ్లు చాలావరకు ఒకే తీరు: కింద వీధివైపు మడిగెలు, పైన కాపురం. యజమాని ఒకరే అయినా మున్సిపాలిటీ లెక్కలు మాత్రం రెండు.

హైదరాబాద్ రాష్ట్రంలో 1951లో మున్సిపల్, టౌన్ కమిటీల చట్టం వచ్చింది. మరుసటేడే కరీంనగర్ మున్సిపాలిటీ అయింది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ప్రకారం కట్టడానికి ఏటా ఎంత కిరాయి పలుకుతుందో అంచనా వేసి, దానిమీద పన్ను కట్టేవారు. అంచనా అంతా అధికారి చేతిలోనే ఉండేది. 1990 నిబంధనలు దానికి కొంత కళ్లెం వేశాయి: జోను, కట్టడం రకం, వాడకం చూసి చదరపు మీటరుకు నెల కిరాయి ఖరారు చేశాయి.

అసలు తిరకాసు తరుగు లెక్కలో ఉంది. కట్టి 25 ఏళ్లలోపైతే 10 శాతం, 40 ఏళ్లలోపైతే 20, ఆపైన 30 శాతం తగ్గిస్తారు. యజమానే కాపురముంటే తరుగుతో కలిపి 40 శాతం. అదే మనిషి కింద సొంత మడిగెలో కిరాణం నడుపుకుంటే ఆ 40 వర్తించదు. గల్లాపెట్టెలో ఎంత పడిందో ఎవరూ అడగరు. టేపు పట్టేది గోడలకే.

ఇళ్లకు 2002లో, వ్యాపార కట్టడాలకు 2007లో రేట్లు సవరించారు. తర్వాత తెలంగాణ ఏర్పడేదాకా మళ్లీ ముట్టుకోలేదు. మరి చిన్న దుకాణదారుకు ఊరట దక్కాలి కదా! చట్టం ప్రకారం పన్ను యజమానిది. కానీ "కిరాయి వేరు, ఇంటిపన్ను వేరు, రెండూ నువ్వే చూసుకోవాలె" అన్న ఒప్పందం బజారులో మామూలే. పైగా ట్రేడ్ లైసెన్సు ఫీజును దుకాణం వైశాల్యం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి లెక్కగట్టే పద్ధతి వచ్చింది. రోడ్డు వెడల్పుగా ఉన్నంతమాత్రాన బేరం పెరుగుతుందా అన్నది వేరే సంగతి.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 75 గజాలలోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే పన్ను పెట్టింది. అంతే జాగాలోని మడిగెకు ఆ వెసులుబాటు లేదు. 2020 దీపావళికి సర్కారు ప్రకటించిన సగం పన్ను రాయితీ, హైదరాబాద్ బయటి పట్టణాల్లో 10 వేల లోపు పన్నుకు, ఇళ్లకే దక్కింది. ఆ ఏడు లాక్‌డౌన్‌లో షట్టర్లు దించుకున్నది దుకాణాలు.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 2021లో కిరాయి లెక్క వదిలి ఆస్తి విలువ మీద పన్నుకు మారింది. అక్కడ ఇళ్లకు గరిష్ఠం 0.50 శాతం, వ్యాపార కట్టడాలకు 2 శాతం.