బావినీరు, నైట్రేటు, కంఠగ్రంథి

1945వ సంవత్సరమున అమెరికాదేశమందలి అయోవా రాష్ట్రములో హంటర్ కామ్లీ యను వైద్యుడు ఒక వింతవ్యాధిని గూర్చి ప్రకటించెను. పల్లెలనుండి వచ్చిన పసిబిడ్డల మేను నీలివన్నెకు తిరిగియుండెను. విచారింపగా, వారికి పట్టిన పోతపాలు పొలములోని బావినీటితో కలిపినవని తేలెను. పశువుల కొట్టములు, పెంటకుప్పలు, ఎరువు చల్లిన చేలు - వీనినుండి భూమిలోని కింకిన నైట్రేటు అట్టి బావులను చేరును. బిడ్డ కడుపులో నది నైట్రైటుగా మారి, ప్రాణవాయువును మోయు శక్తిని రక్తమునకు లేకుండ చేయును.

నాటినుండి నైట్రేటనగానే నీలిబిడ్డలే వైద్యులకు స్ఫురించుచు వచ్చిరి. ప్రపంచారోగ్యసంస్థ త్రాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. దానికి మూలము పసివారి రక్తమే. మన దేశపు ప్రమాణము 45. పెద్దల కంఠముమాట ఎవరికిని తోచలేదు.

అది వేరుదారిని వచ్చినది. 1928లో బాల్టిమోరు నగరమున ఆలన్ చెస్నీ అనునాయన మరియొక పరిశోధనకై పెంచుచున్న కుందేళ్ళకు గళగండములు లేచెను. కారణము వెదకగా, వానికి దినదినము వేయుచున్న క్యాబేజీయే! థైరాయిడు గ్రంథి రక్తమునుండి అయొడినును లాగికొని తన రసమును తయారుచేసికొనును. ఆ పనికి ఆహారము అడ్డురాగలదని అప్పుడు తెలిసినది. 1952, 1953 సంవత్సరములలో వింగార్డెన్, ఆయన సహచరులు ఎలుకలపై ప్రయోగములు చేసి, పెర్క్లోరేటు, థయోసైనేటు, నైట్రేటు - ఈ మూడును అయొడిను ప్రవేశించు ద్వారమున చొరబడి దానిని అడ్డునని చూపిరి. మూడింటిలో నైట్రేటు మిక్కిలి దుర్బలము. పెర్క్లోరేటు బలము దానికి 240 రెట్లని 2004లో లెక్క తేలినది. అయితే నేమి? పెర్క్లోరేటు మనలోనికి పోవునది లేశమాత్రము. నైట్రేటు ప్రతిదినము కడవలతో వచ్చును.

ఆకుకూరలలోను నైట్రేటు విస్తారముగా నున్నది. దీనిని విని కూరలు మానవలదు. వానితో మేలుచేయు పదార్థములు పెక్కు వచ్చును; బావినీటితో నవి రావు.

మనుష్యులలో నిదర్శనము ఆలస్యముగా దొరకెను. నైట్రేటు 50 మిల్లీగ్రాములు మించిన బావినీరు త్రాగు స్త్రీలకు థైరాయిడు పెరిగియున్నట్లు 1994లో హాలెండు పరిశోధకులు ప్రకటించిరి. 2010లో మరల అయోవాయే వినబడెను. అచ్చటి 21,977 మంది పెద్దవయసు స్త్రీలలో, లీటరుకు 22 మిల్లీగ్రాములకు మించిన నైట్రేటుగల నీటిని అయిదేండ్లకు పైగా త్రాగినవారికి థైరాయిడు క్యాన్సరు ఎక్కువగా కనబడినది. హద్దులో సగమే యని గమనింపుడు. కాని రోగులు 40 మందియే. థైరాయిడు మాంద్యమునకు నీటితో సంబంధము కానరాలేదు. కనుక దీనిని తుదితీర్పుగా గ్రహింపరాదు.

అయొడిను కరవైనచోట ఈ యడ్డంకి మరింత బాధించునని తలంచుటకు ఆస్కారమున్నది. ఆ కరవునకు మందు చూపినవారిలో శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వి. రామలింగస్వామిగారు ముఖ్యులు. 1956లో హిమాలయ పాదమందలి కాంగ్రాలోయలో రెండు భాగములకు అయొడిను చేర్చిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును పంపిరి. కొన్ని యేండ్లలో మొదటి రెండింట గళగండములు బాగుగ తగ్గెను, మూడవదాన తగ్గలేదు.

మన పల్లెలలో ఇంటిబావి ప్రక్కనే పశువులకొట్టము కట్టుట చిరకాలపు వాడుక. నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. కాచిన కొలది నీరు ఆవిరియై, మిగిలినదానిలో నది చిక్కబడునే కాని పోదు. ఒక సీసాడు నీరు పరీక్షశాలకు పంపిననే దాని జాడ తెలియును.