కౌన్సెలర్ ఎవరి పక్షం? యువజన మనోచికిత్స చరిత్రలో కార్ల్ రోజర్స్ రోచెస్టర్ దశ (1928–1940)

ఉపోద్ఘాతం

కౌమార వయస్కులు కౌన్సెలర్ వద్దకు తమంతట తాము రావడం అరుదు. తల్లిదండ్రులో, కళాశాలో, న్యాయస్థానమో పంపగా వస్తారు. బాధ ఒకరిదైతే ఫిర్యాదు మరొకరిది. అందువల్ల యువజన చికిత్సలో పద్ధతి కంటే ముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది. కౌన్సెలర్ పంపినవారి పక్షాన పనిచేయాలా, వచ్చినవారి పక్షాన పనిచేయాలా? ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం వెదికినవారిలో కార్ల్ రోజర్స్ (1902–1987) ముఖ్యులు. ఆయన సిద్ధాంతానికి పునాది పడినది విశ్వవిద్యాలయంలో కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో పన్నెండేళ్లపాటు సాగిన క్షేత్రానుభవంలో. ఆ అనుభవాన్ని, దాని ఫలితాలను, తెలుగు రాష్ట్రాల విద్యారంగానికి దానితో గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రెండు మూలాలు

1904లో జి. స్టాన్లీ హాల్ రెండు సంపుటాలుగా ప్రచురించిన ‘అడోలెసెన్స్’ గ్రంథం కౌమారాన్ని ప్రత్యేక అధ్యయనాంశంగా నిలిపింది. దాదాపు అదే కాలంలో యువతకు సహాయం చేసే రెండు సంప్రదాయాలు రూపుదిద్దుకున్నాయి. మొదటిది వృత్తి మార్గదర్శనం. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వృత్తి సలహా కేంద్రాన్ని ప్రారంభించారు. యువకుని సామర్థ్యాన్ని అంచనా వేయడం, వృత్తుల స్వభావాన్ని వివరించడం, రెండింటికీ పొత్తు కుదర్చడం దాని పని. ఇక్కడ కౌన్సెలర్ తెలిసినవాడు, యువకుడు తెలుసుకోవలసినవాడు.

రెండవది బాలనేరస్థుల చికిత్స. షికాగోలో 1899లో బాలల న్యాయస్థానం ఏర్పడింది. దానికి అనుబంధంగా 1909లో విలియం హీలీ నాయకత్వంలో ఒక మానసిక పరిశోధన సంస్థ మొదలైంది. నేరానికి ఒకే కారణం ఉంటుందన్న నమ్మకాన్ని హీలీ తిరస్కరించారు. బాలుని సొంత కథనాన్ని అతని నోటనే వినాలన్నారు. ఇది గొప్ప ముందడుగు. అయితే ఆ కథనం చివరికి న్యాయమూర్తికి ఉపయోగపడే నివేదికలో భాగమయ్యేది. వినడం ఉంది, కాని ఆ వినికిడి మరొకరి నిర్ణయం కోసం.

రోచెస్టర్‌లో మూడు పాఠాలు

1928లో రోజర్స్ రోచెస్టర్‌లోని బాలల సంరక్షణ సంఘంలో మనస్తత్వవేత్తగా చేరారు. న్యాయస్థానాలు, సేవాసంస్థలు పంపిన పిల్లలను పరీక్షించి, తగిన చర్య సూచించడం ఆయన బాధ్యత. 1961లో వెలువడిన ‘ఆన్ బికమింగ్ ఎ పర్సన్’ గ్రంథంలో ఆనాటి మూడు అనుభవాలను ఆయన వివరించారు.

మొదటిది హీలీ సిద్ధాంతానికి సంబంధించినది. నేర ప్రవర్తన వెనుక తరచు లైంగిక సంఘర్షణ ఉంటుందన్న హీలీ అభిప్రాయాన్ని అనుసరించి, నిప్పు పెట్టే అలవాటున్న ఒక బాలునితో రోజర్స్ పనిచేశారు. ఆ ప్రవర్తన మూలాన్ని బాలుని లైంగిక ప్రేరణలో కనుగొన్నట్లు భావించారు. సమస్య తీరిందనుకున్నారు. విడుదలైన తరువాత బాలుడు మళ్లీ అదే పని చేశాడు. కారణం చెప్పగలగడం వేరు, మార్పు రావడం వేరు అని రోజర్స్ గ్రహించారు.

రెండవది ఒక సంభాషణ ప్రతికి సంబంధించినది. ఒక తల్లితో జరిపిన ముఖాముఖిని తొలినాళ్లలో ఆదర్శంగా భావించి ఆయన ఇతరులతో చర్చించారు. కొన్నేళ్ల తరువాత చదివితే అది న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లా తోచింది. అడిగిన ప్రతి ప్రశ్నా ఆమె తప్పును ఆమె చేతనే ఒప్పించడానికి వేసిన వల.

మూడవది నిర్ణాయకమైనది. అల్లరి బాలుడొకని తల్లికి, ఆమె తిరస్కారమే సమస్యకు మూలమని తెలియజెప్పడానికి రోజర్స్ అనేక సమావేశాల్లో ప్రయత్నించి విఫలమయ్యారు. ఇక ఆపేద్దామన్నారు. ఆమె అంగీకరించి తలుపు దాకా వెళ్లి, ఇక్కడ పెద్దవారికి కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. తిరిగి కూర్చొని, తన వైవాహిక జీవితపు నిస్పృహను చెప్పుకున్నది. అసలు చికిత్స అక్కడ మొదలైంది. ఎక్కడ నొప్పి ఉందో, ఏ దిక్కుకు కదలాలో సహాయం కోరినవారికే తెలుసునని రోజర్స్ ఈ సంఘటన నుండి నిర్ధారించారు.

ఈ నిర్ధారణ ఒంటరి మేధస్సు ఫలితం కాదు. ఒట్టో రాంక్ ఆలోచనలు, వాటిని సాంఘిక సేవారంగంలో అన్వయించిన జెస్సీ టాఫ్ట్ పద్ధతి రోజర్స్‌ను ప్రభావితం చేశాయి. 1939లో ఆయన తొలి ప్రధాన గ్రంథం ‘ది క్లినికల్ ట్రీట్‌మెంట్ ఆఫ్ ది ప్రాబ్లమ్ చైల్డ్’ వెలువడింది.

సూత్రీకరణ, విస్తరణ

1940లో రోజర్స్ ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అదే సంవత్సరం డిసెంబరు 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రసంగించారు. విద్యార్థికి నిపుణుడే దిశానిర్దేశం చేయాలన్న ఇ. జి. విలియమ్సన్ పద్ధతికి ఆ విశ్వవిద్యాలయమే కేంద్రం. సలహా, ఉద్బోధ, ఒప్పించడం వంటి పాత పద్ధతులను అక్కడే ప్రశ్నించడం సహజంగానే కలకలం రేపింది. 1942 నాటి ‘కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ’ గ్రంథంలో, మారుపేరుతో పేర్కొన్న ఒక యువకుని చికిత్సా సమావేశాలను రికార్డు చేసి పూర్తి పాఠంగా ప్రచురించారు. కౌన్సెలర్ ఎక్కడ విన్నాడో, ఎక్కడ తొందరపడ్డాడో ఇతరులు పరిశీలించే వీలు అప్పుడు కలిగింది. 1957 నాటి వ్యాసంలో కౌన్సెలర్‌కు ఉండవలసిన నిజాయితీ, షరతులు లేని ఆదరణ, సహానుభూతి అనే లక్షణాలను రోజర్స్ సూత్రీకరించారు.

పరిమితులు

మాటల మీద ఆధారపడిన ఈ పద్ధతి మాట్లాడలేనివారికి ఎలా వర్తిస్తుంది? రోజర్స్ శిష్యురాలు వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ‘ప్లే థెరపీ’ ద్వారా చిన్నపిల్లలకు ఆటను మాధ్యమం చేశారు. పెద్దలలా సంభాషించలేక, పిల్లలలా ఆడలేక మధ్యలో నిలిచిన కౌమార వయస్కుల సమస్య మాత్రం కొనసాగింది. గోప్యతకూ హద్దు ఏర్పడింది. బర్కిలీలో ఒక విద్యార్థి చికిత్సకునితో చెప్పిన హింసాత్మక ఉద్దేశం హత్యకు దారితీసిన టారసాఫ్ కేసులో, ప్రమాదంలో ఉన్న వ్యక్తిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత చికిత్సకునికి ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో తీర్పునిచ్చింది. కౌన్సెలర్ వచ్చినవారి పక్షాన ఉండాలన్న సూత్రం సంపూర్ణం కాదని దీనివల్ల తేలింది. అయితే మినహాయింపు ప్రాణరక్షణకే పరిమితం, పాలనా సౌలభ్యానికి కాదు.

భారతీయ సందర్భం

భారతదేశంలో కౌన్సెలింగ్ ప్రధానంగా పార్సన్స్ మార్గంలోనే ప్రవేశించింది. 1952–53 నాటి మొదలియార్ కమిషన్ మాధ్యమిక పాఠశాలల్లో మార్గదర్శన సేవలను సిఫారసు చేసింది. 1954లో కేంద్ర విద్యా, వృత్తి మార్గదర్శన సంస్థ ఏర్పడింది. ఏ కోర్సు, ఏ ఉద్యోగం అన్నవే ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి. నేటికీ తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అనగానే ప్రవేశపరీక్ష సీట్ల కేటాయింపు స్ఫురించడం ఈ చరిత్రకు భాషాపరమైన సాక్ష్యం.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు జారీ చేసింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, మనస్తత్వవేత్తను గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించాలని ఆదేశించింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లను విడదీయడాన్ని శిక్షణ సంస్థలు వీలైనంతవరకు మానుకోవాలని కూడా సూచించింది.

నియామకం అవసరమే, కాని చాలదు. ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో అధికులు మైనర్లు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించినా, మైనర్ల విషయంలో సంరక్షకులనే నామినేటెడ్ ప్రతినిధులుగా పరిగణిస్తుంది. వసతి కళాశాలలో కౌన్సెలర్‌కు జీతమిచ్చేది యాజమాన్యం, ఫీజు కట్టేది తల్లిదండ్రులు. ఈ ఇద్దరికీ మధ్య విద్యార్థి మాట ఎవరి సొత్తు?

ముగింపు

విద్యార్థి చెప్పినది ర్యాంకుల సమీక్షకు చేరితే, ఆ గది 1909 నాటి న్యాయస్థాన అనుబంధ సంస్థకంటే భిన్నం కాదు. నిజానికి అంతకంటే వెనుకడుగు, ఎందుకంటే హీలీ కనీసం బాలుని కథను పూర్తిగా విన్నారు. ఏ విషయం బయటికి వెళుతుందో, ఏది వెళ్లదో మొదటి సమావేశంలోనే విద్యార్థికి చెప్పడం, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప ఆ మాటకు కట్టుబడడం, కౌన్సెలర్ పనితీరును ఉత్తీర్ణత శాతంతో కొలవకపోవడం అనే మూడు నియమాలు లేకుండా నియామకాలు కాగితంపైనే మిగులుతాయి. రోచెస్టర్‌లో ఆ తల్లి తలుపు దగ్గర వెనుదిరిగినది, ఆమెను సరిదిద్దే ప్రయత్నం ఆగిన తరువాతనే. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో కౌన్సెలింగ్ విధానాన్ని రూపొందించేవారు ఈ క్రమాన్ని గుర్తించవలసి ఉంది.