భుజాలు తడుముకున్న కుర్రాడు

‘పెర్సోనా 4’ అనే జపాన్ వీడియో గేమ్‌ను మొదటినుంచి చివరిదాకా ఎన్నిసార్లు ఆడినా చెవిన పడని మాటలు కొన్ని ఆ ఆట డిస్కులోనే ఉన్నాయి. కళాకారుడు స్టూడియోలో మైకు ముందు నిలబడి పలికినవే. ఏ సన్నివేశానికీ తగిలించకుండా ఫైళ్ల మధ్య వదిలేశారు. ఆటల పొట్ట కోసి చూసే అలవాటున్న అభిమానులు వాటిని బయటికి లాగారు. వింటే ఏముంది? యోసుకే హనమురా అనే కుర్రాడు, తన నేస్తమైన కథానాయకుడితో నువ్వంటే ఇష్టమని చెప్పే ధోరణిలో మాట్లాడుతున్నాడు!

నాకు నవ్వాగలేదు. ఆ ఆట మొత్తంలో గే అన్న ఊసెత్తితే చాలు, ఉలిక్కిపడేది యోసుకేనే. తోటి కుర్రాణ్ణి ఆ మాటతో ఏడిపించేదీ అతనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే బాపతు. వీడు లోలోపల గే, ఒప్పుకోలేక పైకి ఎగురుతున్నాడని కొందరు అభిమానులు అంటూ ఉంటే, అతితెలివి అని కొట్టిపారేసేవాళ్లూ ఉండేవారు. ఆ గొంతు దొరికాక కొట్టిపారేయడం కాస్త కష్టమైంది. 2020లో ఈ ఆట కంప్యూటర్ల మీదికి వచ్చాక, వదిలేసిన ముక్కల్ని కథలో తిరిగి కుట్టి, యోసుకేతో ప్రేమకథ నడుపుకునే వీలు కల్పించినవాళ్లు కూడా ఉన్నారు.

ఒక బొమ్మ మనిషి తనకు తానే ఒప్పుకోని సంగతిని అవతలివాళ్లు చదివి చెప్పడమనే ఈ విద్యకు పెద్ద వంశవృక్షమే ఉంది. దాని వేళ్ల దాకా పోతాను గానీ, ముందు ఈ ఆట సంగతి తేల్చకుండా నా కాలు కదలదు.

2008 జులైలో జపాన్‌లో, డిసెంబరులో అమెరికాలో ప్లేస్టేషన్ 2 మీద విడుదలైంది. తయారీ అట్లస్, దర్శకుడు కత్సురా హషినో. కథ ఇనాబా అనే కల్పిత పల్లెలో నడుస్తుంది. వాన కురిసే అర్ధరాత్రి, కట్టేసి ఉన్న టీవీ ముందు ఒంటరిగా నిలబడితే తెరమీద ఎవరో కనిపిస్తారని ఊళ్లో పుకారు. నిజంగానే ఎవరో మనుషుల్ని ఆ టీవీలోకి తోసేస్తున్నారు. లోపల పడ్డవాళ్ల మనసులో దాచుకున్నదంతా ఒకరికి కోటగా, ఒకరికి డాన్సు క్లబ్బుగా, ఇంకొకరికి ప్రయోగశాలగా పెరిగి నిలబడుతుంది. దాని నడిబొడ్డున అచ్చం వాళ్ల రూపంలోనే ఒక నీడ. ఎవరికీ చెప్పుకోనివన్నీ అది అరిచి మరీ చెబుతుంది. ‘నువ్వు నేను కాదు’ అన్నారా, రాక్షసిగా మారి మీద పడుతుంది. అవును, నేనే అని ఒప్పుకుంటే లొంగి, ఆపైన తోడుగా ఉంటుంది. యూంగ్ మనస్తత్వశాస్త్రంలోని నీడను తెచ్చి ఆట నియమంగా పెట్టారు. అంటే, బుకాయింపే ఈ ఆటలో అసలు శత్రువు.

ఇలాంటి ఆటలోకి కంజీ తత్సుమి వస్తాడు. రంగు వెలిసిన జుట్టు, చెవులకు పోగులు, ఊళ్లో రౌడీ అన్న పేరు. మోటార్‌సైకిల్ ముఠా రొదకు తల్లికి నిద్ర పట్టడం లేదని వెళ్లి ముఠా మొత్తాన్ని చితకబాదినవాడు. ఇంట్లో బట్టల వ్యాపారం. ఇతనికి కుట్టుపని, అల్లికలు, గుడ్డతో చిన్న చిన్న బొమ్మలు చేయడం ప్రాణం. టీవీలో ఇతని మనసు ఆవిరి కమ్మిన మగవాళ్ల స్నానశాల అవుతుంది. ఒంటిమీద గోచీ తప్ప మరేమీ లేని అతని నీడ వయ్యారాలు పోతూ అందులో తిరుగుతుంది. పోరాటానికి దిగితే ఒంటినిండా గులాబీలు, అటూ ఇటూ ఇద్దరు కండల వీరులు.

ఇంతవరకూ చౌకబారు హాస్యమే. జపాన్‌లో తొమొకజు సెకి, ఇంగ్లిష్‌లో ట్రాయ్ బేకర్ ఆ నీడకు గొంతిచ్చి ఆ హాస్యాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్లారు. అయితే నవ్వు మధ్యలో నీడ చెప్పేది వింటే గుండె కలుక్కుమంటుంది. కుట్టుపని చేస్తుంటే, బొమ్మలు వేస్తుంటే, నువ్వు మగాడివేనా అని ఆడపిల్లలు వెక్కిరించారట. మగాడంటే ఏమిటో నాకెవరైనా చెప్పండి అని అడుగుతుంది. చివరికి కంజీ ఒప్పుకునేది ఏమిటంటే, తన సమస్య ఆడా మగా అన్నది కాదని, ఎవరైనా సరే తనను కాదని తోసేస్తారేమో అన్న భయమని. పోయేముందు తండ్రి, మగాడివి, బలంగా ఉండాలి అన్న అర్థంలో చెప్పిన మాట ఒకటి ఇతని నెత్తిన బండలా కూర్చుని ఉంటుంది.

ఇక్కడితో ఆగితే బావుండేది. అయితే కంజీ ఎవర్ని చూసి మొదట తడబడ్డాడనుకున్నారు? నవోతో షిరొగనే అనే కుర్ర డిటెక్టివ్‌ను చూసి. మగపిల్లాడనుకునే ముఖం ఎర్రబడింది, అందుకే మనసు గింజుకుంది. తీరా కొన్ని నెలల తర్వాత నవోతో మగవేషంలో ఉన్న ఆడపిల్ల అని తేలుతుంది. హమ్మయ్య అని ఆట ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడుతుంది. అక్కణ్ణుంచి కంజీ ఆడపిల్ల వెంటపడే మామూలు కుర్రాడు.

అయినా మిగతావాళ్లు వదలరు. బడి తరఫున అందరూ కొండకు వెళ్లి గుడారాలు వేసుకున్న రాత్రి, నీతో ఒకే గుడారంలో పడుకుంటే మాకేం కాదుగా అని యోసుకే భయంభయంగా అడుగుతాడు. కంజీకి ఒళ్లు మండి, తానేమిటో రుజువు చేస్తానని ఆడపిల్లల గుడారంలోకి దూరి, దెబ్బ తిని స్పృహ తప్పుతాడు. బడి వేడుకల్లో యోసుకే ఆడపిల్లల్ని అడక్కుండా వాళ్ల పేర్లు అందాల పోటీకి ఇచ్చేస్తే, వాళ్లు కక్షగా మగపిల్లలందరికీ ఆడవేషాలు కట్టి వేదిక ఎక్కిస్తారు. ఊళ్లోవాళ్లంతా కడుపుబ్బా నవ్వుతారు.

నా తీర్పు చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకండి. కంజీ బుకాయించడం లేదు. అంత నిజాయితీ ఉన్నవాడు ఆ ఊళ్లో ఇంకొకడు లేడు. బుకాయిస్తున్నది ఆట. మనిషిని స్నానశాలలో నిలబెట్టి, అందరికీ అర్థమయ్యేలా చెప్పించి, మళ్లీ అబ్బే అదేం లేదంది. యోసుకే మీద అభిమానుల కన్ను పడింది అందుకే. నగరం నుంచి వచ్చి పల్లెలో ఒంటరిగా మిగిలినవాడు. ఇష్టపడిన సకి అనే అమ్మాయి హత్యకు గురైంది. ఆ ఏడుపు నది గట్టున కథానాయకుడి ముందు ఏడుస్తాడు. అతన్ని చూసి అసూయపడ్డానని ఒప్పుకుని, సమానులమవుదామని పిడికిళ్లతో కొట్టుకుంటాడు. నీడ ప్రమేయం లేకుండానే ఇన్ని చెప్పాడు. రచయితలు దాచిన పాత్రకన్నా దాచుకున్న పాత్ర బాగా పండింది!

కంజీ గే అవునా కాదా అని అడిగితే, అమెరికాలో అట్లస్ తరఫున ఆటను ఇంగ్లిష్ చేసినవారు అధికారికంగా జవాబేమీ లేదని, ఆడినవాళ్లే తేల్చుకోవాలని అన్నారు. ఒక రకంగా మర్యాదైన జవాబే. ఇంకో రకంగా చూస్తే, ఎదురుగా నీడ నిలబడి అడుగుతుంటే పక్కకు చూడటం.

చిత్రమేమిటంటే ఇదే వరసలో 1999లో వచ్చిన ‘పెర్సోనా 2: ఇన్నొసెంట్ సిన్’లో, కథానాయకుడు తత్సుయా తన ప్రేమ ఎవరి మీదో చెప్పాల్సిన చోట, జున్ కురొసు అనే అబ్బాయి పేరూ వరసలో ఉంటుంది. దాపరికం లేదు, వెకిలితనం లేదు. తొమ్మిదేళ్ల ముందు ఆ సంస్థ చేతికొచ్చిన విద్య అది. ఆ ఆట ఇంగ్లిష్‌లో అధికారికంగా రావడానికి 2011 దాకా పట్టింది. అందులో హిట్లర్ కూడా తిరుగుతుంటాడు గనక తటపటాయింపుకు కారణాలు ఒకటి కన్నా ఎక్కువే కావచ్చు.

ఇక వేళ్ల దగ్గరికి. హాలీవుడ్‌కు 1930లో హేస్ నియమావళి అని ఒకటి తగిలింది. 1934 నుంచి గట్టిగా అమలై 1968 దాకా నిలిచింది. తెరమీద స్వలింగ ప్రేమ పేరెత్తకూడదు. పేరెత్తకుండా చెప్పే పనితనం అక్కడే పుట్టింది. 1941లో వచ్చిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో పీటర్ లోరీ వేసిన జోయెల్ కైరో విజిటింగ్ కార్డు గార్డీనియా పూల వాసన వేస్తుంది. ఆ సినిమాకు మూలమైన హామెట్ నవలలో తిన్నగా చెప్పిన సంగతిని సినిమా ముక్కుకు అందించింది. ఇలాంటివన్నీ ఏరి వీటో రస్సో 1981లో ‘ది సెల్యులాయిడ్ క్లోసెట్’ రాశాడు. ఆ పుస్తకం ఆధారంగా 1995లో తీసిన డాక్యుమెంటరీలో గోర్ విడాల్ చెప్పిన ముచ్చట నాకు మహా ఇష్టం. ‘బెన్-హర్’ రచనలో చెయ్యేసిన విడాల్‌కు ఒక చిక్కొచ్చింది: చిన్ననాటి నేస్తాలు బెన్-హర్, మెస్సాలా కేవలం రాజకీయాల కోసం అంత పగబడతారా? కుర్రతనంలో వాళ్లు ప్రేమికులనీ, మెస్సాలా ఆ ప్రేమను మళ్లీ కోరుతున్నాడనీ అనుకుందామన్నాడు. మెస్సాలా వేసిన స్టీఫెన్ బాయ్డ్‌కు చెప్పారు. బెన్-హర్ వేసిన చార్ల్‌టన్ హెస్టన్‌కు మాత్రం చెప్పొద్దన్నాడు దర్శకుడు విలియం వైలర్. ఇద్దరు నటులు ఎదురెదురుగా నిలబడితే ఒకరు ప్రేమకథలో ఉన్నారు, రెండోవారు లేరు! ఇదంతా కట్టుకథ అని హెస్టన్ తర్వాత మండిపడ్డాడు. ఎవరి మాట నిజమైనా, ఆ సినిమాను ఇంకోలా చూడటం నావల్ల కాలేదు.

చూసేవాళ్లు తామే కలం పట్టిన కాలం వెంటనే వచ్చింది. ‘స్టార్ ట్రెక్’లో కిర్క్, స్పాక్ మధ్య ప్రేమ ఉందంటూ అభిమానులు రాసిన కథల్లో మొదటిదిగా చెప్పేది 1974లో ఒక అభిమాన పత్రికలో అచ్చయింది. 1975 డిసెంబరులో టోక్యోలో మొదలైన కామిక్ మార్కెట్‌లో, పేరున్న కథల్లోని మగ నేస్తాలను ప్రేమికులుగా గీసిన సొంత పుస్తకాల రాశులు పెరిగాయి. గీసినవాళ్లలో, కొన్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

వీడియో గేమ్‌ల బాల్యంలో మనసు చదవడానికి మనిషే ఉండేవాడు కాదు. నాలుగు చుక్కల బొమ్మకు రహస్యాలేముంటాయి? అక్షరాలతో నడిచే ఆటల్లో మాత్రం చోటుంది. ఇన్ఫోకామ్ సంస్థ 1986లో తెచ్చిన ‘మూన్‌మిస్ట్’లో వివియన్ అనే చిత్రకారిణి మరో స్త్రీని ప్రేమించింది. 1989లో సి.ఎం. రాల్ఫ్ మెకింతోష్ కంప్యూటర్ల కోసం ‘కేపర్ ఇన్ ది కాస్త్రో’ తయారుచేసింది. లెస్బియన్ డిటెక్టివ్ ఒకామె, అపహరణకు గురైన డ్రాగ్ క్వీన్ ఒకరు. ఆట ఉచితం, నచ్చితే ఎయిడ్స్ సేవాసంస్థకు చందా ఇమ్మని కోరింది. తర్వాత అదే ఆటలో గే ఆనవాళ్లన్నీ తీసేసి ‘మర్డర్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ అనే పేరుతో మామూలు దుకాణాల్లో అమ్మారు. పాత్ర కాదు, ఏకంగా ఆటే వేషం మార్చుకుని సంసారపక్షంగా బతికింది!

పెద్ద కంపెనీలది మరో తీరు. 1988లో అమెరికాకు వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ ఆటతోపాటు ఇచ్చిన పుస్తకంలో, బర్డో అనే గులాబీ రంగు జీవి తనను ఆడపిల్లననుకుంటాడని, బర్డెట్టా అని పిలిపించుకోవడం ఇష్టమని రాశారు. (ఆట చివర్లో వచ్చే పేర్ల పట్టికలోనైతే పాపం దాని పేరు ఇంకో జీవి పేరుతో తారుమారైంది.) 1994లో సెగా ఆట ‘బేర్ నకిల్ 3’లో, గే అని చూడగానే తెలిసే యాష్ అనే విలన్‌ను అమెరికాకు పంపేముందు తీసేశారు. తీసేశారంటే, కథలోంచి. క్యాట్రిడ్జ్ లోపల అతను అలాగే ఉన్నాడు. కోడ్ కొట్టి పిల్లలు అతన్ని బయటికి రప్పించి ఆడుకున్నారు.

మిగిలినవి సరే, పోయినవాటి మాటేమిటి? 1992లో ర్యాన్ బెస్ట్ ‘గేబ్లేడ్’ అనే ఆట చేసి, ఇల్లు మారేటప్పుడు తన ప్రతిని పోగొట్టుకున్నాడు. ఇరవయ్యేళ్లు దాటాక అది మళ్లీ దొరికింది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ షా మొదలుపెట్టిన ఎల్‌జీబీటీక్యూ వీడియో గేమ్ ఆర్కైవ్ ఇలాంటివాటిని వెతికి నమోదు చేస్తోంది. ఫ్లాపీల మీద, చేతుల మీదుగా తిరిగి, తయారుచేసినవాళ్లు ఎయిడ్స్‌తో పోతే వాళ్లతోపాటే చెత్తబుట్టకు పోయినవి ఎన్నో అనుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు దాచాల్సిన అవసరం తగ్గింది. 2011 నాటి ‘డ్రాగన్ ఏజ్ 2’లో నలుగురు తోడుమనుషులు ఆడ ఆటగాడినైనా మగ ఆటగాడినైనా ప్రేమిస్తారు. న్యాయమే. కానీ అందరికీ అన్నీ వడ్డించే ఈ పద్ధతిలో పాత్రకు తనదంటూ ఒక మొండితనం, గింజులాట మిగలవు. మనం వలచేదాకా ఆ పాత్రకు గతమే లేదన్నట్టు ఉంటుంది. మూడేళ్ల తర్వాత అదే వరసలో వచ్చిన ఆటలోని డోరియన్ అనే పాత్ర నయం: మగవాళ్లనే ప్రేమిస్తాడు, ఆడ ఆటగాడిని కాదంటాడు, కొడుకు మనసును రక్త మంత్రంతో మార్చబోయిన తండ్రితో తెగతెంపులు చేసుకుని వచ్చాడు.

బుకాయింపును బుకాయించకుండా రాసినవాడు ఎరిక్ బరోన్. 2016 నాటి ‘స్టార్డ్యూ వ్యాలీ’ బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఒంటిచేత్తో చేసిన మనిషి. అందులో అలెక్స్ అని కండలు చూసుకుని మురిసే ఆటగాడొకడు, తాతా అమ్మమ్మలతో ఉంటాడు. మీ రైతు ఆడమనిషైతే అతని ప్రేమకథ మామూలుగా సాగుతుంది. మగవాడైతే ఇది తనకే అర్థం కాక కొంతకాలం తికమకపడ్డానని చెబుతాడు. అట్లస్ రికార్డు చేసి దాచేసిన సంగతికి బరోన్‌కు నాలుగు వాక్యాలు సరిపోయాయి.