నల్దుర్గ్ నుంచి కుంభారి దాకా: మనోళ్లు వచ్చిన దారి

చుట్టాలు షోలాపూర్ వస్తే మనం ఏం చూపిస్తాం? సిద్ధేశ్వర గుడి, చెరువు, కోట, ఆ తర్వాత చద్దర్ల దుకాణం. దాంతో ఊరు చూడటం అయిపోయినట్టే. ఈసారి మేం ఒక ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ రోడ్డు మీద నల్దుర్గ్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఆగుకుంటూ కుంభారికి వచ్చాం. తెలంగాణ జిల్లాల నుంచి మన తాతముత్తాతలు బతుకుదెరువుకు పడమరకు నడిచిన దిక్కు ఇదే కాబట్టి, ఆ వరసలోనే చూడాలనుకున్నాం.

నల్దుర్గ్ ఊరి నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. అక్కడ కోటగోడే బోరి నదికి ఆనకట్ట. ఆ కట్ట కడుపులో ఒక గది ఉంది, పేరు పానీ మహల్. 1613లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో కట్టారు. వానాకాలంలో నీళ్లు పైనుంచి దూకుతుంటే లోపల తడవకుండా నిలబడి చూడొచ్చు. మా పిల్లలు అక్కణ్నుంచి కదల్లేదు.

పెద్దలం మాత్రం వేరే సంగతి మాట్లాడుకున్నాం. 1948 దాకా నల్దుర్గ్ నిజాం రాజ్యం, షోలాపూర్ బొంబాయి రాష్ట్రం. ఆ ఏడు సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి కదిలిన భారత సైన్యం మొదట పోరాడింది నల్దుర్గ్ దగ్గరే. మనోళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఈ సరిహద్దు దాటారు. మిల్లు బట్ట వచ్చాక ఊళ్లో చేమగ్గానికి గిరాకీ తగ్గింది. కరువులు తోడయ్యాయి. ఇటు షోలాపూర్‌లో 1877లో మొదటి మిల్లు మొదలైంది. ఇప్పటికీ దాన్ని జునీ మిల్ అనే అంటారు. మిల్లులో పని దొరికినోళ్లు మిల్లుకు, దొరకనోళ్లు పేటల్లో మగ్గాల మీదికి వెళ్లారు. ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టారు.

ఊళ్లోకి రాగానే హుతాత్మ చౌక్‌లో ఆగాం. 1930 మేలో గాంధీజీని అరెస్టు చేశాక మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వం మార్షల్ లా పెట్టింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ షిందేలను 1931 జనవరి 12న యరవాడ జైల్లో ఉరి తీశారు. ఆ నలుగురి విగ్రహాలే ఇక్కడున్నవి.

అక్కణ్నుంచి అక్కల్‌కోట్ రోడ్డు పట్టుకున్నాం. ఈ వైపు ఒక గుర్తు ఇప్పుడు లేదు. సిద్ధేశ్వర చక్కెర కార్ఖానాలో 90 మీటర్లకు పైగా ఎత్తున్న చిమ్నీ ఉండేది. విమానాలకు అడ్డమని 2023 జూన్‌లో కూల్చేశారు. ఎంత దూరం నుంచైనా కనబడే చిమ్నీ, ఇప్పుడు పిల్లలకు వేలితో చూపిద్దామంటే ఆకాశమే మిగిలింది.

కుంభారిలో చివరగా చూసింది ఇళ్లు. వరసకు వరస ఒకే తీరు ఇళ్లు, పదివేలు. 1945లో ఠాణే జిల్లా వార్లీ ఆదివాసులను వెట్టికి ఎదురు నిలబెట్టిన గోదుతాయి పరుళేకర్ పేరు ఈ వసాహత్‌కు పెట్టారు. బీడీ కార్మిక మహిళల సహకార సంఘం కట్టించుకున్నది ఇది. ముందు నడిచింది మన తెలుగాయనే, ఎమ్మెల్యేగా చేసిన నర్సయ్య ఆడం మాస్తర్. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఇళ్లు అందాయి. తర్వాత పక్కనే 30 వేల ఇళ్ల రేనగర్ లేచింది. అందులో 15 వేల ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అందజేశారు.

బీడీకి కూలీ వెయ్యి లెక్కన. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. ఒంటిగది కిరాయి ఇళ్లలో, పక్కనే లూముల చప్పుడు మధ్య ఈ పని చేసిన అమ్మలు సొంత గడప తొక్కిన చోటు కుంభారి. సుల్తాను కట్టిన కోటకు 400 ఏళ్ల తర్వాత కూడా జనం వస్తున్నారు. ఈ ఇళ్ల కథ మాత్రం వాటిలో ఉండే పెద్దోళ్లకే తెలుసు. వాళ్ల మనవళ్లు బళ్లో మరాఠీ చదువుతారు, ఇంట్లో తెలుగు వింటారు గానీ రాయలేరు.

అందుకని మీరు వచ్చినప్పుడు ఈ దారినే రండి. మీ ఇంటి పెద్దోళ్లను కూడా బండి ఎక్కించుకోండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ముందు ఏ పేటలో దిగారు, రోజుకు ఎన్ని బీడీలు చుట్టారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసి పెట్టుకోండి.